నాంచారమ్మ కాగితం కుండీలు

ఆ సాయంత్రం ప్రెస్సు వెనక పెరట్లో మంట అప్పుడే అంటుకుంది. రోజూ ఆ వేళకి అంటుకునేదే. పెళ్లికార్డుల అంచులు, కరపత్రాల కత్తిరింపులు, అచ్చు సరిగ్గా పడని కాగితాలు, అన్నీ ఓ మూలకి ఊడ్చి అగ్గిపుల్ల గీసి పడేసేవాళ్లు. పొగ ప్రహరీ దాటి వీధంతా పాకేది. ఆరేసిన బట్టలకి మసి అంటుకునేది. ఆడవాళ్లు తిట్టుకుంటూ తలుపులు వేసుకునేవాళ్లు.

ఆ రోజు మాత్రం నాంచారమ్మ తలుపు వేసుకోలేదు. అప్పుడే బస్సు దిగి వచ్చింది. భుజాన సంచీ ఇంకా దించలేదు. బోరింగు దగ్గర ఎవరో నింపి పెట్టుకున్న బిందె ఎత్తి చంకన పెట్టుకుని ప్రెస్సు పెరట్లోకి పరుగెత్తింది. బిందె మొత్తం మంట మీద గుమ్మరించింది. సుయ్యిమని ఆవిరి లేచింది.

"ఏంటమ్మా ఇది!" అంటూ యజమాని పూర్ణచంద్రరావు గారు బయటికి వచ్చారు. ఆయన వెనకే చేతుల నిండా సిరాతో మెషిన్‌మన్ శ్రీనివాసరావు వచ్చాడు. చూస్తే, ఖాళీ బిందెతో నిలబడింది స్వయానా తన భార్య.

"చెట్టండీ!" అంది నాంచారమ్మ రొప్పుతూ. "చెట్టు తగలబడుతుంటే చూస్తూ ఎలా ఊరుకోమంటారు?"

"ఇక్కడ చెట్టెక్కడుందమ్మా?"

"అదుగో, ఆ కుప్పలో. పొద్దున మా అమ్మ తోటలో సరుగుడు నరికి లారీలకి ఎక్కిస్తున్నారు. ఎక్కడికయ్యా అంటే కాగితం మిల్లుకన్నారు. పులిగడ్డ వంతెన దగ్గర్నుంచి చల్లపల్లి దాకా ఆ లారీ మా బస్సు ముందే నడిచింది. అలా చూస్తూ చూస్తూ ఇక్కడ దిగితే, మీరు నిప్పెట్టారు!"

పూర్ణచంద్రరావు గారికి కోపం రావాలో నవ్వు రావాలో తెలియలేదు. చివరికి కోపమే వచ్చింది. "అంత బాధగా ఉంటే నువ్వే తీసుకెళ్లమ్మా. రోజూ తీసుకెళ్లు. మాకూ ఊడ్చే పని తప్పుతుంది" అనేశారు.

ఆయన విసుగుతో అన్నారు. ఆవిడ నిజమనుకుంది. తొంభై ఏడులో మా బందరులో జరిగిన ముచ్చట ఇది.

నాంచారమ్మది నాగాయలంక. ఆ వైపు పుట్టిన ఆడపిల్లల్లో చాలామందికి అమ్మవారి పేరే ఉంటుంది. వాళ్లమ్మ ఎల్లమ్మకి సముద్రం వైపు ఇసక నేల కొద్దిగా ఉంది. వరి పండదు. సరుగుడు వేసుకుంది. తొంభైలో తుఫాను వచ్చినప్పుడు ఆ తోట వెనకున్న పాకలు కప్పులు ఎగిరిపోయినా గోడలతో నిలబడ్డాయి. గాలి ముందు తోట మీద పడి, అలిసిపోయి అప్పుడు ఊళ్లోకి వచ్చిందని అక్కడివాళ్లు అనుకునేవాళ్లు. అలాంటి తోట నరికేశారని నాంచారమ్మ మండిపడింది. ఎల్లమ్మ మాత్రం నిబ్బరంగానే ఉంది. "పెంచింది అమ్ముకోడానికేనే. పిల్లకాయలు చదువుకోడానికి కాగితాలొద్దూ? మళ్లీ నాటుకుందాంలే" అంది. నాంచారమ్మ ఆ బాధంతా మోసుకొచ్చి ప్రెస్సు మంట మీద పోసింది.

మనిషి స్వభావమే అంత. నెమ్మది అనేది ఆవిడ దగ్గర లేదు. బస్సు పూర్తిగా ఆగకముందే దిగేస్తుంది. అన్నం ఉడక్కముందే మూత తీసి చూస్తుంది. ఎవరింట్లో శుభకార్యమైనా పిలవకముందే వెళ్లి కొబ్బరికాయలు కొడుతూ కూర్చుంటుంది. ఏడో తరగతితో చదువు ఆగిపోయినా నోరు మాత్రం ఆగలేదు. శ్రీనివాసరావు మెతక మనిషి. ఆ రాత్రి అన్నం దగ్గర అతను "ఉద్యోగం ఊడిపోయేదే కదా, నాంచారీ" అన్నాడు. ఆవిడ "ఊడలేదు కదండీ! కాగితాలు మనవే అన్నారు కదండీ!" అంది. ఆ గొంతులో సంబరానికి అతను నవ్వి ఇంకో ముద్ద కలుపుకున్నాడు.

మర్నాడు రిక్షా మీద గోనెసంచులు దిగాయి. ఆ మర్నాడు మళ్లీ దిగాయి. వసారా నిండింది, మంచం కింద నిండింది. శ్రీనివాసరావు కాళ్లు చాపుకోవడానికి చోటు వెతుక్కోవలసి వచ్చింది.

"ఏం చేద్దామని?" అన్నాడు.

"చేటలు!" అంది.

దివిసీమలో ఆడవాళ్లందరికీ తెలిసిన పనే అది. పాత కాగితాలు చించి నీళ్లలో నానబెడతారు. నానిన మెంతులతో కలిపి రోట్లో మెత్తగా రుబ్బుతారు. ఆ గుజ్జుని వెదురు చేటలకీ బుట్టలకీ లోపలా బయటా అలికి ఎండబెడతారు. సందులన్నీ మూసుకుపోయి చేట గట్టిపడుతుంది. నూకలు జారవు, పురుగు దరి చేరదు. ఎల్లమ్మ చేటలు నాగాయలంకలో పేరున్నవి. కూతురికీ ఆ చెయ్యి వచ్చింది.

పక్కింటి రహమత్ బీకి ఈ సంగతి తెలిసి చూడ్డానికి వచ్చింది. ఆవిడకి ఆ వీధి చివరే పాత పేపర్ల కొట్టు ఉంది. భర్త పోయాక ఆవిడే నడుపుతోంది. తూకంలో ఒక్క రవ్వ తేడా రానివ్వదు, మాటలోనూ అంతే. వసారాలో సంచులు విప్పి చూసి నెత్తి కొట్టుకుంది.

"అయ్యో నాంచారీ! తెల్ల కాగితం, రంగు కాగితం, మెరుపు కాగితం అన్నీ కలిపి కూర్చున్నావా? ఈ తెల్లవి నాకివ్వు. కట్టలు కట్టి మిల్లుకి పంపుతాను. అక్కడ నానబెట్టి మళ్లీ కాగితమే చేస్తారు."

"మళ్లీ కాగితమా? అయితే అంతమేరకి కొత్త చెట్టు కొట్టక్కర్లేదన్నమాటే కదక్కా?"

"అంతే మరి. పాత పేపర్ల కొట్టంటే ఏవనుకున్నావ్!" అంది రహమత్ బీ గర్వంగా. ఆవిడ కొట్టు గురించి అలా అడిగినవాళ్లు అంతవరకూ లేరు.

ఆ పూటే ఇద్దరూ చాప పరుచుకుని కూర్చుని ఏరడం మొదలుపెట్టారు. తెల్లవీ న్యూస్‌పేపర్లూ రహమత్ బీ కొట్టుకి. రంగువీ, చిన్నచిన్న ముక్కలూ, మిల్లుకి పనికిరానివీ నాంచారమ్మ గుజ్జు నానబెట్టే గోలేనికి. జిగేలుమనే ప్లాస్టిక్ పూత కార్డులు మాత్రం ఎన్ని రోజులు నానబెట్టినా నానలేదు. వాటిని శ్రీనివాసరావు తీసుకెళ్లి యజమాని బల్ల మీద పెట్టి, "ఇవి ఎందుకూ పనికిరావంటండీ, మా ఆవిడ చూపించమంది" అన్నాడు. ఆయన మొదట గుర్రుగా చూశారు. తర్వాత పెళ్లికార్డు కోసం వచ్చినవాళ్లకి ముందుగా మామూలు కాగితం నమూనాలు చూపించడం మొదలుపెట్టారు.

రోజులు గడిచేసరికి వీధి వీధంతా ఇందులోకి దిగింది. నాంచారమ్మ పొద్దున్నే గుమ్మాల ముందు నుంచి కేకేసుకుంటూ వెళ్లేది. "పొడి కాగితం వేరే పెట్టండమ్మా! పులుసు కూర తగిలించారంటే దాని బతుకు అయిపోయినట్టే!" పిల్లల పాత నోట్సులు, మందుల డబ్బాలు, చెప్పుల అట్టపెట్టెలు, కిరాణా పొట్లాలు, అన్నీ రాసాగాయి. చెత్తకుండీ దగ్గర ఎగిరే కాగితాలు తగ్గాయి. వాన పడితే మురుక్కాలవ మొదట్లో అడ్డం పడే ముద్దలు తగ్గాయి. సాయంత్రాలు పొగ లేదు. కిటికీ తెరిచిపెట్టుకుని పడుకుంటున్నామని ముసలమ్మలు చెప్పుకున్నారు.

ఒక్కటే ఇబ్బంది వచ్చింది. ఎన్ని చేటలని చేస్తారు? వీధిలో ప్రతి ఇంటికీ చేటలు చేరాయి. బుట్టలు చేరాయి. చుట్టాలకీ పంపారు. ఒకావిడైతే, "నాంచారమ్మా, మా ఇంట్లో బియ్యం కంటే చేటలే ఎక్కువున్నాయే" అంది. గుజ్జు గోలెంలో నిండుగా ఉంది. వాడకం లేదు. నాంచారమ్మకి నిద్ర పట్టడం మానేసింది.

అలాంటి రోజుల్లో గుడివాడలో ఓ పెళ్లికి బయల్దేరింది. గుడ్లవల్లేరు దాటాక బస్సు టైరు పంచరైంది. అందరూ దిగి చెట్ల నీడకి చేరారు. ఆవిడ ఊరికే నిలబడలేక గట్టు వెంబడి నడిచింది. అక్కడో నర్సరీ ఉంది. నల్లటి చిన్న కవర్లలో బీర, కాకర, సొర మొలకలు వరసలుగా ఉన్నాయి. పక్కనే పంటకాలవ గట్టంతా చింపి పారేసిన కవర్లు. తూటికాడల్లో చిక్కుకుని నల్లగా వేలాడుతున్నాయి.

నర్సరీ యజమాని జనార్దనరావు గారు పంచె ఎగ్గట్టి మొక్కలకి నీళ్లు పోస్తున్నారు. నాంచారమ్మ పలకరింపు కూడా లేకుండా అడిగింది. "ఈ కవర్లు ఎందుకు చింపుతారండీ?"

"చింపకపోతే వేరు ఎలా పాకుతుందమ్మా? చింపితేనేమో మట్టిగడ్డ చెదిరిపోయి వేరు కదులుతుంది. తీగజాతికి వేరు కదిలితే అలక. వారం రోజులు మొహం వేలాడేస్తుంది."

ఆవిడ కళ్లు పెద్దవయ్యాయి. "చింపక్కర్లేని కుండీ చేసిస్తే? కుండీతో సహా పాతెయ్యొచ్చు. అది మట్టిలో కలిసిపోతుంది."

"దేంతో చేస్తావ్?"

"కాగితంతోనండీ!"

జనార్దనరావు గారు పగలబడి నవ్వారు. "కాగితం కుండీలో నీళ్లు పోస్తే కరిగిపోదుటమ్మా?"

"కాగితం చేట నీళ్లు పడితే కరుగుతుందా? మా అమ్మ చేటలో బియ్యం కడిగి ఆరబోస్తుంది!"

ఆయన నవ్వు ఆపి ఆవిణ్ణి పరీక్షగా చూశారు. "సరే, చేసి తీసుకురా. చూద్దాం."

బస్సు హారన్ కొడుతోంది. నాంచారమ్మ చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని గట్టు మీద పరుగెత్తింది. పెళ్లిలో ఆవిడ ఏం తిందో, ఎవరితో మాట్లాడిందో ఆవిడకే తెలీదు. తిరిగొచ్చాక రహమత్ బీ తలుపు తట్టి గుమ్మంలోనే కేకేసింది. "అక్కా, దొరికింది!"

స్టీలు గ్లాసు బోర్లించి, తడిగుడ్డ చుట్టి, దాని మీద గుజ్జు మెత్తారు. కాస్త ఆరాక గ్లాసు లాగేస్తే కుండీ. అడుగున వేలితో చిల్లు. పెళ్లికార్డుల ముక్కల వల్ల కుండీలు పసుపూ గులాబీ కలిసిన వింత రంగులో తేలాయి. డాబా మీద వరసగా ఎండబెడితే చూడ్డానికి పండగలా ఉంది. వీధిలో ఆడవాళ్లు మెట్లెక్కి వచ్చి మరీ చూశారు. చూసినవాళ్లు ఊరుకోలేక తలో గ్లాసూ తెచ్చుకుని కూర్చున్నారు.

మొదటి విడత తట్టల్లో పేర్చి గుడివాడ బస్సు టాపు మీద కట్టించింది. పెడన దాటే వరకూ ఎండ. కవుతరం వచ్చేసరికి ఆకాశం ఒక్కసారిగా నల్లబడి, కుండపోత. నాంచారమ్మ కిటికీలోంచి తల బయటికి పెట్టి "ఆపండయ్యా, నా కుండీలు!" అని అరిచింది. డ్రైవరు పాపం ఆపాడు. కండక్టరు నిచ్చెనెక్కి చూసి కిందికి చెప్పాడు. "కుండీలెక్కడున్నాయమ్మా? ఇక్కడంతా ఉప్మా ఉంది."

బస్సంతా గొల్లుమంది. ఇంకొకరైతే ఏడ్చేవాళ్లు. నాంచారమ్మ అప్పటికే బస్సు దిగేసింది. తట్టలు కిందికి దించుకుని, వానలో తడుస్తూ ఆ గుజ్జుని దోసిళ్లతో పిండి ముద్దలు కట్టసాగింది. ఒకావిడ జాలిగా "పోనీలేమ్మా, పారెయ్" అంది.

"ఎందుకు పారెయ్యాలండీ? కాగితం కదా! ఎన్నిసార్లు చచ్చినా బతుకుతుంది!" అంది నాంచారమ్మ. చెప్పిన తర్వాత తన మాట తనకే నచ్చింది. వానలో నిలబడి నవ్వేసింది. ఎదురు బస్సెక్కి ముద్దలతో సహా బందరు తిరిగొచ్చింది.

లోపం ఎక్కడుందో ఆలోచిస్తూనే ఉంది. చేటకి లోపల వెదురు అండ ఉంటుంది, కుండీకి ఏముంది? పెడన నేతవాళ్ల ఇళ్ల ముందు నూలుకి గంజి పట్టించడం బస్సులోంచి వెళ్లినప్పుడల్లా చూసే దృశ్యమే. ఒక రోజు దిగి అడిగింది. అక్కడో పెద్దావిడ చెప్పిన సలహా మీద చింతగింజలు వేయించి, పొట్టు తీసి, తిరగలిలో విసిరి, ఉడికించి జిగురు చేసింది. గుజ్జులో కలిపింది. ఈసారి ఎండలో బాగా కాగనిచ్చింది. మనిషికి ఓర్పు నేర్పింది ఆ కుండీలే. రోజూ నాలుగుసార్లు డాబా ఎక్కి వేలితో తట్టి చూసేది, కానీ తొందరపడి దించేది కాదు. గట్టిపడ్డాక ఒకదాన్నిండా నీళ్లు పోసింది. చిల్లులోంచి నీళ్లు బొట్లుబొట్లుగా కారాయి. కుండీ నిలబడింది.

"నిలబడిందండీ!" అని అరిచిన అరుపుకి శ్రీనివాసరావు గడ్డం గీసుకుంటూ సగం నురగతో డాబా మీదికి పరుగెత్తుకొచ్చాడు.

రెండో విడత రైల్లో తీసుకెళ్లింది. టాపు మీద కట్టే గొడవ లేదు. జనార్దనరావు గారు సగం వరసలో కాగితం కుండీలూ, సగం వరసలో కవర్లూ పెట్టి బీర గింజలు వేశారు. "కబురు చేస్తాలేమ్మా" అన్నారు.

కబురు వచ్చింది, గానీ మంచి కబురు కాదు. కుండీలకి బూజు పట్టిందట. తెల్లగా దూదిలా పట్టేసిందని, చూడ్డానికే అసహ్యంగా ఉందని, ఆయన వాటిని తీసి గట్టు మీద పెట్టించేశారట. ఈ మాట విన్న రోజు నాంచారమ్మ ఇంటికి దీపం పెట్టడం కూడా మర్చిపోయింది. గోలెం మీద మూత పెట్టేసింది. రహమత్ బీ వచ్చి పక్కన కూర్చుని, ఒక పాత పేపరు తీసి మడతలు సరిచేస్తూ ఉండిపోయింది.

తర్వాత కొన్నాళ్లకి గుడివాడ బస్సు కండక్టరు వీధిలోకి వచ్చి మరీ చెప్పాడు. "జనార్దనరావు గారు మిమ్మల్ని వెంటనే రమ్మన్నారు. గొంతు గట్టిగానే ఉంది."

తిట్లు తినడానికే అనుకుంది. ఒంటరిగా వెళ్లడానికి ధైర్యం చాలక రహమత్ బీని వెంటబెట్టుకుంది. కొట్టు మూసి ఊరుదాటడం ఆవిడకి ఎప్పుడో గానీ లేదు. నర్సరీ దగ్గర దిగుతుండగానే దూరంనుంచి జనార్దనరావు గారు చేతులూపుతూ వస్తున్నారు. వస్తూ వస్తూ పరుగందుకున్నారు. అరవై దాటిన మనిషి, పంచె జారుతున్నా లెక్కలేదు.

"చూడమ్మా! ఇటు చూడు!"

ఆయన చేతిలో ఒక కాగితం కుండీ ఉంది. బూజు ఎండకి రాలిపోయింది. గోడ చుట్టూ, ఒక్క చోట కాదు, అన్ని వైపులా సన్నటి తెల్లటి వేళ్లు చీల్చుకుని బయటికి వచ్చేశాయి. సేమ్యాలా. పైన బీర మొక్క రెండాకులు చాచి నిక్కబొడుచుకుని ఉంది.

"గట్టు మీద పడేసి మర్చిపోయానమ్మా. ఆదివారం చూస్తే గట్టులోకి వేళ్లు దిగిపోయాయి! ఎవరూ నాటలేదు, అవే నాటుకున్నాయి!"

నాంచారమ్మ కుండీని రెండు చేతులా అందుకుంది. వేళ్లని ముట్టుకుంటే తెగిపోతాయేమోనని భయం. "అక్కా... అక్కా, చూడు!" అంటోంది గానీ కుండీ మాత్రం రహమత్ బీకి ఇవ్వడం లేదు. చివరికి రహమత్ బీ లాక్కుని ఎండకి ఎత్తి చూసింది. "ఇది మన పూర్ణచంద్రరావు గారి ప్రెస్సులో పెళ్లికార్డే. పసుపు చూడు" అంది. ముగ్గురూ కాలవ గట్టు మీద చిన్నపిల్లల్లా నవ్వారు.

అప్పటికప్పుడే పందెం వేసినట్టు నాటారు. ఒక వరస కవర్లు చింపిన మొక్కలు, ఒక వరస కుండీలతో సహా పాతిన మొక్కలు. ఎండ నడినెత్తికి వచ్చేసరికి కవరు మొక్కలు ఆకులు వాల్చేశాయి. కాగితం వరస, తమని ఎవరూ కదపనే లేదన్నట్టు నిలబడింది. జనార్దనరావు గారు దారిన పోయే రైతులందర్నీ పిలిచి చూపించారు. "బందరు నుంచి వచ్చింది ఈ అమ్మాయి" అంటుంటే నాంచారమ్మకి ఎక్కడ నిలబడాలో తెలీలేదు.

బూజు సంగతీ అక్కడే తేలింది. కుండీలు ఒకదానికొకటి ఆనించి పేర్చడం వల్ల గాలాడలేదు. ఎడంగా పెడితే సరి. మెంతులూ జిగురూ కూడా కాస్త తగ్గించింది. రెండేళ్లు తిరిగేసరికి గుడ్లవల్లేరు, కవుతరం వైపు కూరగాయలు పండించేవాళ్లు కాగితం కుండీలు కావాలని అడిగి తీసుకోసాగారు. బందరులో ఆ వీధి డాబాలన్నిటి మీదా రంగురంగుల కుండీల వరసలు. ఇంకో రెండు ప్రెస్సులవాళ్లు కూడా కత్తిరింపులు కాల్చడం మానేసి సంచులు పంపసాగారు. జనార్దనరావు గారు పనివాళ్లని పెట్టి గట్టు మీది పాత కవర్లన్నీ ఏరించారు. ఆ ఏడు కాలవలో తూటికాడ పచ్చగా, దాని మీద నలుపు లేకుండా కనబడింది.

ఎల్లమ్మ అన్న మాట ప్రకారం మళ్లీ సరుగుడు నాటాలనుకున్నప్పుడు నాంచారమ్మ పట్టుబట్టింది. నారు కాగితం కుండీల్లోనే పెరగాలని. సరుగుడు నారు కుండీలో చాలాకాలం ఉండాలి, కాబట్టి గోడలు రెండు పొరలుగా మెత్తింది. వానలు పడ్డాక కుండీలు నాగాయలంక చేరాయి. ఎల్లమ్మ ఒకదాన్ని గోటితో గీకి చూసింది.

"మెంతులు నేను చెప్పిన పాళ్లలోనే వేశావా?"

"తగ్గించానమ్మా. బూజొస్తోంది."

"నాకే నేర్పుతున్నావే!" అంది ఎల్లమ్మ. అంటూనే కొంగు దోపుకుని గునపం అందుకుంది.

నాటినవన్నీ బతికాయని చెప్పను. ఉప్పుగాలికి కొన్ని మాడిపోయాయి, మేకలు కొన్నిటిని రుచి చూశాయి. మిగిలినవి మాత్రం సముద్రం వైపు గుబురుగా లేచాయి.

రెండువేల మూడు ప్రాంతంలో గుడ్లవల్లేరు దగ్గర కాలేజీ పిల్లలు సేవాశిబిరం పెట్టుకుని నాంచారమ్మని పిలిచారు. జీవితంలో మొదటిసారి తన పేరు వెనక 'గారు' విని ఆవిడ మురిసిపోయింది. వెళ్లి పిల్లలందరి చేతా కుండీలు చేయించింది. ఒంటి నిండా గుజ్జు పూసుకుని వాళ్లు చేసిన గోల అంతా ఇంతా కాదు. అయితే ఆ రోజు ఆవిడకి నేర్పడం కంటే నేర్చుకోవడమే ఎక్కువైంది.

నవ్యశ్రీ అని గుడివాడ పిల్ల, ఇంజనీరింగు చదువుతోంది. ఒక చెక్క చట్రానికి దోమతెర బిగించి తెచ్చింది. నీళ్లతొట్టిలో గుజ్జు పల్చగా కలిపి, చట్రాన్ని అడుగుదాకా ముంచి, మెల్లిగా పైకెత్తింది. నీళ్లు జారిపోయి తెర మీద సన్నటి పొర మిగిలింది. దాన్ని గుడ్డ మీద బోర్లించి అద్దింది.

"ఇది ఆరితే కాగితం అవుతుందండీ."

"కాగితం... అంటే, రాసుకునే కాగితమా?" నాంచారమ్మ గుడ్డ మీదికి వంగింది. "ఇన్నాళ్లూ నేను గోలెంలో పెట్టుకున్నది ఇదేనా? ఏదమ్మా, మళ్లీ ఓసారి చెయ్యి. చేతులు ఎలా పెట్టావో చూపించు."

నవ్యశ్రీ చూపించింది. నాంచారమ్మ మోచేతుల దాకా తొట్టిలో పెట్టి ముంచింది. మొదటిది చిరిగింది, రెండోది అట్టులా మందంగా వచ్చింది. మూడోది నిలిచింది. ముంచుతూనే ప్రశ్నల మీద ప్రశ్నలు. చెట్టు నుంచి చేసే కాగితానికీ దీనికీ తేడా ఏంటమ్మా?

"కట్టె నుంచి పీచు విడదీయాలంటే మందులేసి ఉడికించాలండీ. బోలెడంత మంటా, నీళ్లూ కావాలి. పాత కాగితానికి ఆ పని ముందే అయిపోయింది కదా. నానబెడితే చాలు."

"మరి ఎన్నిసార్లయినా చెయ్యొచ్చా?"

"లేదండీ. చేసిన కొద్దీ పీచు పొట్టిదైపోతుంది. కొన్నిసార్లయ్యాక ఇక కాగితం రాదు. అప్పుడు అట్టలకీ, మీ కుండీలకీ పనికొస్తుంది."

నాంచారమ్మ చట్రం పట్టుకుని అలాగే ఆగిపోయింది. కాగితం ఎన్నిసార్లు చచ్చినా బతుకుతుందని కవుతరంలో వానలో అన్న మాట పూర్తిగా నిజం కాదన్నమాట. అయినా ఆవిడ మొహం వాడలేదు. "అయితే నేను తిన్నగా కుండీలు చేసేయడం తొందరపాటే కదమ్మా! ముందు కాగితం చెయ్యాలి, మళ్లీ కాగితం చెయ్యాలి, ఓపిక అయిపోయాక కుండీ చెయ్యాలి!"

"సరిగ్గా అంతేనండీ" అంది నవ్యశ్రీ, తనకంటే ముందే తన మాట అందుకున్నందుకు సంబరపడుతూ. చట్రం ఆవిడకే ఇచ్చేసింది.

బందరు వచ్చేదాకా నాంచారమ్మ చట్రాన్ని ఒళ్లోనే పెట్టుకుంది. మర్నాడు తెల్లవారకముందే తొట్టి కడిగింది. పనికి వెళ్లబోతున్న శ్రీనివాసరావుని ఆపి ఒక కాగితం ముంచమంది. ముప్పై ఏళ్లుగా కాగితం మీద అచ్చువేస్తున్న మనిషి, కాగితాన్ని నీళ్లలోంచి ఎత్తడం అతనికీ కొత్తే. తెర మీద పొర నిలవగానే "అబ్బ!" అన్నాడు. ఆ రోజు ప్రెస్సుకి ఆలస్యంగా వెళ్లాడు.

మధ్యాహ్నానికి ఆరింది. కొంచెం గరుకు, అంచులు ఎగుడుదిగుడు, లోపల అక్కడక్కడా పసుపు నలుసులు. నాంచారమ్మ దాన్ని పళ్లెంలో పెట్టుకుని రహమత్ బీ కొట్టుకి పరుగెత్తింది. ఆవిడ తరాజు పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని మరీ అందుకుంది. వేళ్లతో నిమిరింది, వాసన చూసింది. తర్వాత పెన్ను తీసి ఒక మూల తన పేరు రాయబోయింది.

"అయ్యో నాంచారీ, సిరా పాకిపోతోందే!"

నాంచారమ్మ వంగి చూసింది. అక్షరాలు మబ్బుల్లా ఉబ్బుతున్నాయి.

"పాకనీ అక్కా! నూలుకి లాగే దీనికీ గంజి కావాలి, అంతే. పద, కొట్టు కాసేపు మూసెయ్, ఇప్పుడే కలిపి చూద్దాం" అంటూ అప్పటికే వీధిలో సగం దూరం వెళ్లిపోయింది.